ఒకే నంబరు, రెండు జవాబులు

మార్కాపురం,
జూలై 2023

ప్రియమైన నాగమణీ,

మీ కోచింగ్ హాస్టల్లో ఫోన్లు లాగేసుకుంటారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నిత్యానందం అన్న నెట్ ఆఫీసులో దొరికిన ఉద్యోగం పోయేట్టుంది.

ఇక్కడ ఎరువుల దుకాణం వెంకటరామయ్య గారు మీ గిద్దలూరులో ఇంకొకటి తెరిచారు. అక్కడి బిల్లులు ఇక్కడి కొత్త కంప్యూటర్‌కు చేరాలి. పొద్దున పూట చేరవు, మధ్యాహ్నం నుంచి చక్కగా వస్తాయి. రూటరు మార్చాను. గిద్దలూరు వచ్చి, హాస్టల్లో నిన్ను ఎటూ కలవనివ్వరని నేరుగా దుకాణానికే పోయి, అక్కడి రూటరులో ఈ కంప్యూటర్ హార్డ్‌వేర్ అడ్రస్ కోసం వెతికాను. లేనే లేదు.

"డిప్లొమా అంటివి, ఏంది పాపా ఇది? నెలాఖరు లోపల కుదరకపోతే వేరేవాళ్లను చూసుకుంటా" అన్నాడు అన్న. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నాయన రాచర్లంతా చెప్పుకుంటున్నాడు, మా పాప ఉద్యోగం చేస్తోందని.

నీ సుబ్బులు

గిద్దలూరు

ఒసే సుబ్బులూ,

డిప్లొమాలో ఆ పాఠం రోజు నువ్వు నిద్రపోయినట్టున్నావు. గిద్దలూరు రూటరుకు ఆ కంప్యూటర్ హార్డ్‌వేర్ అడ్రస్‌తో, అదే తయారీలోనే దానికి పడ్డ ముద్రతో, పనేముంది? తన తర్వాతి రూటరు అడ్రస్ తెలిస్తే చాలు. బిల్లును మోసే ప్యాకెట్ లోపల, అది చేరాల్సిన ఐపీ నంబరు, అంటే మనం కంప్యూటర్‌కు పెట్టే నంబరు, మారదు. పైన రాసే హార్డ్‌వేర్ అడ్రస్ మాత్రం ప్రతి రూటరు దగ్గరా మారుతుంది. చివరిది, అంటే మీ మార్కాపురం దుకాణంలోది, అక్కడి యంత్రాలన్నిటినీ "ఈ నంబరు ఎవరిది?" అని అడుగుతుంది. "నాది" అన్నదాని అడ్రస్‌ను కాసేపు గుర్తుపెట్టుకుని దానికే పంపుతుంది. పొద్దున ఎవరు పలుకుతున్నారో, మధ్యాహ్నం ఎవరో అక్కడే చూడు.

ఇక్కడ రోజూ పరీక్షలే. సాంబారు నీళ్లే.

నిద్రపోకుండా విన్న
నాగమణి

మార్కాపురం

నాగూ,

చూశాను. ఒకే నంబరుకు పొద్దున ఒక అడ్రస్, మధ్యాహ్నం ఇంకొకటి! "దుకాణంలో ఉండేది ఒకటే కంప్యూటరమ్మా. నాకు తెలీకుండా ఇంకోటి యాడ్నించి వస్తది?" అంటున్నారు వెంకటరామయ్య గారు. రేపే ఆఖరి రోజు. నిత్యానందం అన్న నాతో మాట్లాడటం మానేశాడు.

సుబ్బులు

మార్కాపురం,
ఆగస్టు

ప్రియమైన నాగూ,

నీ జవాబుకు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే రూటరు నుంచి పోయే ఒక్కో తీగ వెంబడే నడిచాను. ఒకటి గోడ దాటి వెనకున్న వాళ్ల ఇంట్లో దేవుడి గదిలోకి పోయింది. అక్కడ పాత కంప్యూటర్ బొట్టు, పూలమాలతో నడుస్తోంది! దుకాణం మొదటి బిల్లు దాని మీదే కొట్టారట. ఆయన భార్య రాజేశ్వరమ్మ గారు రోజూ దీపం పెట్టి దాన్ని ఆన్ చేసి, మధ్యాహ్నం భోజనానికి ముందు ఆపుతారు.

"తెర మీద ఏందో ఇంగ్లీషులో వస్తాది, మూసేస్తా" అన్నారామె. ఇదే నంబరు ఇంకోదానికీ ఉందన్న హెచ్చరికే అది!

ఆ నంబరే కొత్తదానికెందుకని అడిగితే వెంకటరామయ్య గారు నసిగారు. "తొమ్మిదితో అయిపోతది గదమ్మా, మాకు కలిసొచ్చిన నంబరు. నేనే పెట్టించినా. ఇప్పుడు మార్చేది లేదు."

"దాన్ని ఆపితే నేను ఊరుకోను" అని ఆమె.

అదీ సంగతి. పొద్దున రూటరు అడిగితే పాతదీ పలుకుతోంది, రూటరు దాన్నే గుర్తుపెట్టుకుంటోంది, బిల్లులు దేవుడికి పోతున్నాయి.

ఆపనూ లేదు, మార్చనూ లేదు. పాతదాని నెట్ తీగ ఒక్కటి పీకి రూటరును ఆపి మళ్లీ ఆన్ చేశాను. కాసేపటికే గిద్దలూరు బిల్లులు వచ్చాయి. "కరెంటుండాది గదా, పూజకు చాల్లే" అన్నారు రాజేశ్వరమ్మ గారు.

అన్న అంతా విని, "దేవుడి గది దాకా పోయినావా!" అని పడీపడీ నవ్వాడు. కురిచేడు కనెక్షన్లు కూడా ఇకమీదట నన్నే చూడమన్నాడు.

ఆదివారం రాచర్ల పోతున్నాను. ఉద్యోగం పోబోయిందని నాయనకు తెలియనే తెలియదు. కాబట్టి నిలబడిందని చెప్పే పనీ లేదు.

నీ ఋణం తీర్చుకోలేని
సుబ్బులు