డీజిల్ మూతకు పెట్టిన పసుపు

శనివారం. దసరా అయి నాలుగు రోజులు.

నీళ్ల ట్యాంకర్ తీస్కొని కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాక్టర్ మళ్ల బందైంది. నిండు ట్యాంకర్ ఎనకకు గుంజుతుంటే బ్రేక్ మీద నిలబడ్డ. ఎనకంత కార్లు!

మొన్న గిట్లనే ఆగితే, డీజిల్ అమ్ముకొని కిరోసిన్ పోసినవని డ్రైవర్ యాదయ్యను నలుగురిల తిట్టి ఎల్లగొట్టిన. ఫిల్టర్ మార్చినా అదే కథ, జరసేపు నడుస్తది, ఆగుతది.

మెకానిక్ సలీం భాయ్ వచ్చి డీజిల్ ట్యాంక్ మూత తిప్పంగనే సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది.

"మూతకు గాలి పోయే బెజ్జం ఉంటది భాయ్. పసుపుతోని మూసుకపోయింది. గాలి పోకుంటే డీజిల్ ఇంజన్‌కు దిగది. ఎవరు పెట్టిండ్రు గింత మందంగ?"

ఏటా ఆయుధపూజ యాదయ్యే చేస్తడు, బానెట్‌కు బొట్టు పెట్టి ఊకుంటడు. ఈసారి నేనే చేస్తనని పసుపు ముద్ద తీసి మూతకు ఒత్తిన. ఎండిన పసుపుల నా బొటనవేలు అచ్చు గట్లనే ఉంది.

ఇంటికి రాంగనే యాదయ్యకు ఫోన్ చేసిన.

"ఏడ ఆగింది అన్నా? రావాల్నా?" అన్నడు.

బండి మంచిగనే నడుస్తుందని చెప్పి పెట్టేసిన. తప్పు నాదని మాత్రం చెప్పలేకపోయిన.