పందులు పరిగెత్తిన దూరం

చిరంజీవి అబ్బాయికి,
పిన్ని దీవెనలు. సండే స్కూలు గది గోడ మీద ప్రభువు తిరిగిన ఊళ్ల పటం వేస్తున్నాను. దయ్యాలు పట్టిన పందుల మంద కొండ మీంచి సరస్సులోకి దూకిన చోట చెయ్యి ఆగింది. మార్కు సువార్తలో అది గెరాస వాళ్ల ప్రాంతమని ఉంది. పటాలు గీసే ఆఫీసులో ఉన్నవాడివి, ఆ ఊరు ఎక్కడ పెట్టాలో రాయి.
నీ పిన్ని
తా.క.: పందులు బాగా కుదిరాయి. శిష్యులే ఇంకా కుదరలేదు.

పిన్నికి వందనాలు.
గెరాస సరస్సు ఒడ్డున లేదు. ఆగ్నేయంగా రెండు రోజుల నడక. అక్కణ్ణుంచి సరస్సులో దూకాలంటే పందులు దారిలో ఎక్కడైనా పడుకుని లేవాలి. దూరం సరిచూసుకుని వెయ్యి.
నీ అబ్బాయి

చిరంజీవి అబ్బాయికి,
దూరం సరిచేశాను. ఊళ్లో ఇళ్లన్నీ వేసేశాను కాబట్టి ఊరిని కదపలేకపోయాను. అందుకని సరస్సునే ఊరిదాకా పెంచాను. యొర్దాను నది మునిగిపోయింది.
నీ పిన్ని
తా.క.: పాస్టరుగారు చూసి, "ఇది సముద్రమా అమ్మా?" అన్నారు. నువ్వే చెప్పావన్నాను.

పిన్నికి వందనాలు.
సరస్సును పెంచమని నేననలేదు. చిక్కు నీ పటంలో లేదు, రాతలోనే ఉంది. మత్తయి తన సువార్తలో ఇదే సంగతి రాస్తూ గదర అన్నాడు. అది కాస్త దగ్గర, అయినా ఒడ్డున కాదు. మార్కు ఆ ప్రాంతం చూసి ఉండడని కొందరు పండితులంటారు. చూడని చోటు గురించి రాసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మా ఆఫీసులో అలాంటివి జరగనివ్వం.
నీ అబ్బాయి
తా.క.: ఈ ఉత్తరం అమ్మకి చూపించకు.

చిరంజీవి అబ్బాయికి,
ఆ మాట మొదట్లో రాయాల్సింది. తా.క. దాకా వచ్చేసరికి అమ్మకి అంతా చదివి వినిపించేశాను. "ఇవాళ మార్కుని కాదన్నాడు, రేపు నన్నెరగనంటాడు" అని ముక్కు చీదుకుంటూ పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. పిల్లలకి అనుమానాలు రాకముందే, ఆదివారంలోగా గోడకి సున్నం కొట్టిస్తానన్నారాయన. కొట్టేదేదో ముందు నా మీద కొట్టమని గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ ఊరెక్కడని పిల్లలు అడిగితే తెలీదని చెబుతాను గానీ, గోడ మాత్రం వదలను. సరస్సును వెనక్కి నెట్టాను.
నీ పిన్ని
తా.క.: నెట్టిన చోట నీలం మరకలు మిగిలాయి. పందులు కాళ్లు కడుక్కున్న గుంటలని పిల్లలకి చెప్పాను.

పిన్నికి వందనాలు.
ఊరి పేరు తేడా పడితే అసలు కథే లేదని నేననలేదు. అమ్మకి ఆ మాట చెప్పు. గొడవెందుకు, సున్నం కొట్టుకోనీ.
నీ అబ్బాయి

చిరంజీవి అబ్బాయికి,
సున్నం కొట్టలేదు. మీ ఆఫీసు అచ్చేసిన మన ఊరి కొత్త పటం నిన్న పోస్టాఫీసులో తగిలించారు. గీసినవాడిగా అడుగున నీ పేరుంది. మురిసిపోయి దగ్గరికెళ్లి చూశాను. మన చర్చి నదికి అవతలి ఒడ్డున ఉంది. నీకు బాప్తిస్మమిచ్చిన చర్చి. అమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.
పాస్టరుగారిని లాక్కెళ్లి చూపించాను. "ఇక్కడే పుట్టి పెరిగినవాడు మనల్ని ఏరు దాటించాడు. అంతమాత్రాన మనం లేమా అయ్యగారూ?" అన్నాను. ఆయన పటంలో నదికి అటూ ఇటూ వేలు పెట్టి చూసి, "గెరాస, గదర రెండు పేర్లూ గోడ మీద రాసెయ్యండి. పిల్లలు అడిగితే ఉన్నదున్నట్టు చెబుదాం" అన్నారు. రాసేశాను.
నీ పిన్ని
తా.క.: ఆదివారం నువ్వొస్తావని అమ్మ ఎదురుచూస్తోంది. దారి ఎవరినైనా అడుగు. మీ పటం పట్టుకుని వస్తే ఏట్లో పడతావు.