మెడలో దిగిన తీగ

ఆష్‌బర్న్, సోమవారం.

ఈ రోజు బట్టలు ఉతికి మడత పెట్టాను, ఫ్రిజ్ కడిగాను, ఆయనకు రాగిజావ కాచాను, మెడకు కట్టు మార్చాను. చెల్లెలు రూతుకు ఈ ఉత్తరం రాశాను:

రూతూ, నువ్వూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఆయన బాగున్నారు, కంగారు పడకు. అది ముందే చెప్పి మిగతాది రాస్తున్నాను.

ఇక్కడ అమెరికాలో ఎవరింటి గడ్డి వాళ్ళే కోసుకోవాలి. రెండు వారాల కిందట శనివారం మా తోడికోడలు సునీత వాళ్ళు భోజనానికి వచ్చారు. ఆమె ఆపరేషన్ థియేటర్‌లో నర్సు కదా. ఆయన పెరట్లో మెషిన్‌తో గడ్డి కోస్తుంటే, గడ్డిలోని ఇనుప తీగముక్క బ్లేడుకు తగిలి ఎగిరి ఆయన మెడలో దిగింది. రక్తం ఒక్క చుక్క. ముల్లు గుచ్చుకుంటే మనం ఏం చేస్తాం? లాగేసి పసుపు అద్దుతాం. పసుపు డబ్బాతో పరుగెత్తి తీగ కొస పట్టుకున్నాను.

“అక్కా, వదులు! లాగితే బావగారు మనకు దక్కరు!” అని సునీత నా చెయ్యి విదిలించి కొట్టింది.

ఆసుపత్రిలో స్కాన్ తీస్తే, తీగ మెదడుకు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాన్ని ఆనుకొని ఉందట. సర్జన్ మెడ తెరిచి, ముందు ఆ నాళాన్ని పైనా కిందా అదుపులోకి తెచ్చుకొని, ఆ తర్వాతే తీగ తీశారట. ఈ ‘అట’లన్నీ సునీత చెప్పినవే. డాక్టర్లు మాట్లాడిందంతా ఆమెతోనే, నా మొగుడి మెడ గురించి! నేను ఆమె హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

ఆయన కళ్ళు తెరిచి, గుసగుసగా, “సునీత ఏది?” అన్నారు.

“నేనున్నాగా, కనబడటం లేదా?” అన్నాను. ఒళ్ళు మండిపోయింది. జావ కాచేది నేను, జపం ఆమెది.

నిన్న చర్చిలో కృతజ్ఞత సాక్ష్యం. ఆయనకు గొంతు ఇంకా రాలేదు, అందుకని పాస్టరుగారు నన్ను లేపారు. దేవుడు కాపాడాడని చెప్పి కూర్చుంటే అడిగేవాళ్ళు లేరు. ఎదురుగా సునీత, గులాబీ రంగు చీరలో. ఆమెకు ఏ రంగైనా నప్పుతుంది.

“తీగ లాగబోయింది నేను. ఆపింది సునీత. ఈయన ఇక్కడ కూర్చున్నారంటే దేవుడు ఆమెను వాడుకోబట్టే,” అన్నాను.

తర్వాత అందరూ ఆమె చుట్టూ మూగారు. “ఆంటీ, యూ ఆర్ సో బ్రేవ్!” అని పిల్లలు. నేను చేసుకెళ్ళిన చేపల పులుసు ఎలా ఉందో ఒక్కరూ అనలేదు.

కారు దగ్గర సునీత, “అంత చెప్పక్కర్లేదక్కా, నాకే సిగ్గేసింది,” అంది.

“నీకోసం చెప్పలేదులే,” అన్నాను. నవ్వేసింది. ఆ నవ్వూ బాగుంటుంది, ఏం చేయను!

వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చింతకాయ పచ్చడి పంపు. సునీతకు పెట్టను. అమ్మకు మా వందనాలు చెప్పి, ఆయన గొంతు కోసం ప్రార్థన చేయమను.

మీ అక్క,
మార్త

సునీతకు పడిన బాకీ నిన్న సంఘం ముందు తీర్చేశాను. చెల్లు.