ఏనుగుల పేరు మార్చే సభ

మునిరాజూ,

ఏనుగు చేతిలో పోయిన మహానుభావుడా, నీ ఆత్మశాంతికి భంగం కలిగిస్తున్నందుకు హోసూరు మొదలు కృష్ణగిరి దాకా ఉన్న సమస్త కబడ్డీ అభిమానుల తరఫున సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు రాగిచేను కాపలాకు పోయి ఏనుగు కాళ్ళకింద పడి ఈ పొద్దుకు ఏడాది. మన కాలేజీ జట్టుకు ‘ఏనుగులు’ అని పేరు పెట్టింది కెప్టెనుగా నువ్వే కదా. మొన్న కృష్ణగిరోళ్ళతో మ్యాచి చూడను మీ అమ్మ వచ్చింది. నేను పలక డప్పు కొడుతుంటే మనోళ్ళు “ఏనుగూ, తొక్కు! తొక్కు!” అని ఎప్పటిమాదిరే అరిచినారు. ఆమె కొంగుతో చెవులు మూసుకుని లేచి పోయింది.

అందుకని పీటీ సారు పేరు మారుద్దామని గ్రౌండులో సభ పెట్టినాడు.

“ఇంకేం పెడదాం సార్, రోజాపూలనా? కృష్ణగిరోళ్ళు తెంపి తల్లో పెట్టుకుంటారు,” అన్నాడు మంజు.

“వాడు లారీ కింద పడింటే, ఊర్లోకి లారీలు రావద్దంటామా?” అన్నాడు ఇంకొకడు.

“ఏనుగు తప్పేముందప్పా? కబడ్డీలో మాత్రం వాడికి పక్కకు తప్పుకునేది ఎప్పుడొచ్చింది?”

ఆ మాట నాది. అందరికంటే దానికే ఎక్కువ నవ్వినారు. నువ్వున్నా నవ్వేవాడివే.

“సరే, పేరు మార్చాలనేవాళ్ళు చెయ్యెత్తండి,” అన్నాడు సారు.

ఒకే ఒక్క చెయ్యి లేచింది. అందరూ తిరిగి చూసేసరికి అది మెల్లగా దిగి చంక గోక్కునింది. మళ్ళీ నవ్వినారు. పేరు అట్లే ఉండిపోయింది.

ఆ చంక నాదే, మునీ. దురద మాత్రం లేదు.