లావు తీగ ఆగడం లేదు
బావా,
నువ్వు బండి కింద పడి నేటికి ఏడాది. ట్రాక్ పనివాళ్ళం మకాం ఉండే మన పాత రైలుపెట్టె ఇప్పుడు గతౌరా స్టేషన్‌లో ఉంది. నువ్వు సగం నేర్పిన గిటారు ఊరూరా వాయిస్తున్నాను, మన జట్టువాళ్ళు చెవులు మూసుకుంటున్నారు.

గోడకున్న గిటారులో లావు తీగ దానంతటదే మోగితే బండి వస్తున్నట్టేనని చెప్పేవాడివి. నువ్వు పోయిన రోజు గిటారు దయాల్‌బంద్ బజారులో రిపేరుకిచ్చి ఉంది.

ఈ ఉదయం తీగ మోగింది. పని కోసం లైను మూసేశారు, బండ్లు రాకూడదు. అయినా పట్టాల మీదికి వెళ్ళొద్దని అందరికీ చెప్పాను.

"అచ్ఛా మావా, ఇయ్యాల ఏటి ఏసం?" అని జట్టులో అప్పన్న నవ్వాడు.

రోజూ వేళాకోళాలాడే నా మాట ఎవడు నమ్ముతాడు? అందరి బూట్లూ నీళ్ళ డ్రమ్ములో ముంచేశాను. పెట్టెలోనే కూర్చుని నన్నూ నా వంశాన్నీ తిడుతున్నారు. తిట్టనీ.

తీగ ఇంకా ఆగలేదు.