సాదిక్ అన్న చెయ్యి

ఆదివారం, గోదావరిఖని

ఆఫీసర్ల గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే సాదిక్ అన్న, వాళ్లు రాకముందే నాకు ఆట నేర్పుతున్నాడు. దొరల ఆటను కూలివాడు లాక్కోవాలని నా పంతం. కానీ బంతి ఒక దెబ్బకు లేస్తే, మరో దెబ్బకు నేల మీదే దొర్లుతుంది.

"చెమ్మస్‌తోని బొగ్గు ఎత్తినట్టు ఎత్తకు తమ్మి. కిందికి కొట్టు, అదే లేస్తది," అన్నాడు ఈ పొద్దున కూడా. రోజూ ఆ బొగ్గుపారతో వ్యాగన్లు నింపే చేతులు వింటాయా?

అప్పుడే మా కాంట్రాక్టర్ వచ్చాడు. "లేబరోన్ని లోపలికి ఎందుకు రానిచ్చినవ్‌రా?" అని అన్నను చెంప మీద కొట్టాడు. వాడి తల పగలాలనే స్టిక్ ఎత్తి దించాను. అన్న అడ్డం వచ్చి చెయ్యి పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. వాడు పారిపోయాడు. ఆ తల ఇప్పటికీ పగలగొట్టాలనే ఉంది నాకు.

దవాఖానలో డాక్టర్ అడిగితే, "జారి పడ్డ సార్," అన్నాడు అన్న. అన్యాయం చూసి మాట్లాడనివాడూ దోషే అని కరపత్రాలు పంచినవాణ్ణి, నోరు విప్పలేదు.

భాభీ ఏడుస్తూ వచ్చింది. "నువ్వు ఉన్నవ్ కాబట్టి జల్ది తెచ్చినవ్ తమ్మి," అని ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది.

మొత్తం తాగాను.