టోపీ చెక్కలు

జూన్ 3, మంగళవారం
పెరటి కంచె స్తంభాల తలలు నల్లబడ్డాయి. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. వానలకు ముందే పైన కప్పులా క్యాపింగ్ వేయకపోతే ఈ ఏటితో సరి అని షాపతను బెదిరించి, రెండు వైపులా వాలు తీసిన పొడవాటి చెక్కలు పన్నెండు అంటగట్టాడు.

మామగారు వీటిని టోపీ చెక్కలనేవారు. నలభై ఏళ్ళ వడ్రంగి. చూపు పూర్తిగా పోయిన ఈ ఎనిమిది నెలల్లో చెక్క మాటే ఎత్తలేదు. రోజంతా వెనక గదిలో, రేడియో అయినా పెట్టుకోకుండా కూర్చుంటారు. పనిముట్ల పెట్టె పాత శిష్యుడికి ఇచ్చేస్తారట. ఆదివారం వచ్చి పట్టుకుపొమ్మని కబురు పంపారు. నాన్న ఇష్టం అని మావారు చేతులు దులుపుకున్నారు. నాకు భయంగా ఉంది. ఆ పెట్టె గడప దాటితే ఈయన ఇక ఆ గది దాటరు.

జూన్ 4, బుధవారం
వీడియోలో పది నిమిషాల పని. వారమంతా లీవ్ పెట్టి మరీ మొదలుపెట్టాను. రెండు చెక్కలు బిగించాను, రెండూ చివర్లలో నిలువునా చీలాయి.

సాయంత్రం 5
సుత్తి చప్పుడుకు మామగారు గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చారు. చీలిక మీద బొటనవేలు పెట్టి, ఈ కసాయి పని ఎవరిదమ్మా అని అడిగారు. ఎనిమిది నెలల్లో నాతో మాట్లాడిన అతి పెద్ద మాట ఇదే. సంతోషంతో ఏడుపొచ్చింది.

జూన్ 5, గురువారం
ఇవాళ చూసింది రాయకపోతే రేపటికి నేనే నమ్మను.

మామగారు కంచె ఈ చివర నుంచి ఆ చివరకు అరచేయి ఆనించి నడిచారు, అంతే. నాలుగో స్తంభం వేలెడు కుంగిందన్నారు. నేను నమ్మలేదు. దారం కట్టి లాగి చూశాను. వేలెడే! అంతకు ఒక వెంట్రుక ఎక్కువా కాదు, తక్కువా కాదు.

టేపు నన్ను దాచేయమన్నారు. ఒక బద్ద తీసుకుని దాని మీద చాకుతో గాట్లు పెట్టారు. ఏ గాటు ఏ స్తంభానిదో వేలితో తడిమి చెప్పేస్తున్నారు. మేకు మొనను సుత్తితో మొద్దు చేసి కొట్టమన్నారు, చెక్క చీలదట. చీలలేదు! అతుకు దగ్గర రెండు చెక్కల్నీ ఏటవాలుగా కోసి, వాన కొట్టే వైపు చెక్క పైన ఉండేలా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలట. నేను కోసి బిగించాక ఆయన గోరుతో గీస్తారు. గోరు ఎక్కడా తగలకూడదు.

అదేం చేయో. నాకు రెండు కళ్ళుండీ గుడ్డిదాన్నే అనిపించింది.

జూన్ 6, శుక్రవారం
ఆరు అతుకులు. మామగారు మారు వడ్డించుకున్నారు. పెట్టె ఉంచేసుకోండి మామయ్యా అన్నాను. మాటిచ్చానమ్మా అన్నారు.

జూన్ 7, శనివారం
ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఏడో అతుకు నేనొక్కదాన్నే వేసేశాను. లేచి వచ్చి పైన గోరు గీశారు, తగల్లేదు. గొప్పగా అనిపించింది. సాయంత్రానికి కంచె అంతా పూర్తి. మామగారు ఉలి తుడిచి పెట్టెలో పెట్టారు. మూత చాలా నెమ్మదిగా వేశారు.

జూన్ 8, ఆదివారం
తెల్లవారుజాము నుంచి వాన. శిష్యుడు గొడుగు వేసుకుని వచ్చేసరికి మామగారు పెరట్లో తడుస్తూ, కంచెకు చెవి ఆనించి నడుస్తున్నారు. పిచ్చి పట్టిందా ఈయనకు అని మావారు గొడుగు తీసుకుని పరిగెత్తారు. మామగారు చెయ్యి పైకెత్తి అందరినీ ఆపారు. అన్నిచోట్లా చినుకులు జారి నేల మీద పడుతున్నాయట, ఇక్కడొక్కచోట నీళ్ళు లోపలికి దిగుతున్నాయట. ఏడో అతుకు.

శిష్యుడు వంగి పక్కనుంచి చూశాడు. చెక్క తిరగేసి పడింది. కింద ఉండాల్సింది పైన, పైన ఉండాల్సింది కింద. పైనుంచి చూస్తే గీత ఒకేలా కనిపిస్తుంది, గోరుకూ తెలియదు. గోరుకు తెలియనిది ఆయన చెవి పట్టేసింది.

శిష్యుడు గొడుగు మడిచి పక్కన పెట్టాడు. మామగారి కాళ్ళకు దండం పెట్టి, పెట్టె పట్టుకుపోయి ఏం చేసుకోనండీ, దాంతో మీ చెవులు రావుగా అన్నాడు. వట్టి చేతులతో వెళ్ళిపోయాడు. మామగారు తల తుడుచుకోవడం కూడా మర్చిపోయారు.

జూన్ 9, సోమవారం
ఏడో అతుకు ఊడదీశాను. మామగారు ఉలి నా చేతిలో పెట్టి, ఈసారి కళ్ళు మూసుకుని చెయ్యమన్నారు.

మూసుకున్నాను.